ఆపేసిన ఉప్పునీటి తొట్టిని మళ్లీ మొదలుపెట్టడం: నైట్రేట్ లెక్క, నాచు పని

ఉప్పునీటి అక్వేరియాన్ని ఏడాదో రెండేళ్లో ఆపేసి మళ్లీ మొదలుపెట్టేవారిలో ఒక ధీమా ఉంటుంది. తొట్టి ఉంది, పంపు ఉంది, రాళ్లు అట్టపెట్టెలో ఉన్నాయి, ఇసుక సంచిలో కట్టి మేడమీద ఉంది. ఇక ఉప్పు కొంటే చాలు. నెల తిరిగేసరికి నైట్రేట్ పరీక్షలో రంగు ముదురు ఎరుపుకు చేరుతుంది, రాళ్ల మీద నాచు వేలాడుతుంది. అప్పుడు దుకాణానికి వెళ్లి నాచు మందు అడుగుతారు. మందుతో ఆ నాచు పోదు, పోయినా తిరిగి వస్తుంది. నాచుకు తిండి ఆ నైట్రేటే. అది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ లెక్క వేయకపోవడమే కారణం. లెక్క వేయడం కష్టం కాదు. చిన్న తొట్టిలో మరీ సులువు.

ఇందులో ఉదాహరణలన్నీ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టికి వేశాను. దాని ఘనపరిమాణం 56 లీటర్ల పైచిలుకు. పైన వదిలే ఖాళీ, రాళ్లు, ఇసుక తీసేస్తే అందులో నిజంగా ఉండే నీళ్లు 45 లీటర్లు. మీ తొట్టి వేరే కొలతైతే ముందు మీ అసలు నీళ్లెన్నో కొలుచుకోండి. నింపేటప్పుడు బకెట్లు లెక్కపెడితే సరిపోతుంది. మందులు గానీ మేత గానీ సీసా మీద రాసిన తొట్టి పరిమాణానికి కాదు, ఆ నీళ్లకు వేయాలి.

1. పాత సరుకును వేరుచేయండి

ఇసుక గురించి చర్చ వద్దు, పారేయండి. పాత ఇసుకలో ఏళ్లతరబడి దిగిన చేపల మలం, మేత పొడి ఉంటాయి. ఎంత కడిగినా పూర్తిగా పోవు. తడిగా మూటకట్టి ఉంచిన ఇసుకైతే నల్లబడి, విప్పగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకు విషం. రెండడుగుల తొట్టికి అంగుళం మందం కొత్త అరగోనైట్ (ఒక రకం సున్నపు ఖనిజం) ఇసుక ఏడెనిమిది కిలోలు పడుతుంది. అక్కడ మిగుల్చుకునే డబ్బు తర్వాత పడే శ్రమకు చాలదు.

రాళ్ల సంగతి వేరు. తేలికగా, లోపల సందులున్న మంచి రాయిని పారేయాల్సిన పని లేదు. పైగా సముద్రపు రాయి కొత్తగా సంపాదించడం మన దేశంలో సబబు కాదు. దిబ్బలు కట్టే పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. తీరంలోంచి పగడపు రాయి ఏరుకొచ్చినా, ఎవరో ఏరితెచ్చినది కొన్నా చిక్కే. కాబట్టి ఉన్న రాయిని బాగుచేసుకోవడం, లేదంటే సిరామిక్ రాయి, మనుషులు తయారుచేసిన అరగోనైట్ రాయి కొనుక్కోవడం, ఇవే దారులు. ఈ తొట్టికి ఐదారు కిలోలు చాలు.

పాత రాయిలో రెండు రకాల మిగులు ఉంటుంది. ఒకటి, ఎండిపోయిన స్పాంజీలు, పురుగులు, నాచు వేళ్లు. నీళ్లు తగలగానే అవి కుళ్లి అమోనియాగా, ఆపై నైట్రేట్‌గా మారతాయి. రెండోది ఫాస్ఫేట్, అదీ నాచుకు ఎరువే. రాయిలోని కాల్షియం కార్బోనేట్ ఏళ్లతరబడి నీళ్లలోని ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుంటుంది. శుభ్రమైన కొత్త నీళ్లు పోసినప్పుడు మెల్లగా వదులుతుంది. పాత కిరాయిదారు కట్టకుండా వెళ్లిపోయిన కరెంటు బిల్లులా అది కొత్తగా దిగినవారి మీద పడుతుంది.

కుళ్లే పదార్థానికి విరుగుడు బ్లీచింగ్. సువాసన, సబ్బు కలపని సోడియం హైపోక్లోరైట్ ద్రావణం ఒక వంతు, మామూలు నీళ్లు తొమ్మిది వంతులు. అందులో రాళ్లను రెండు రోజులు నానబెట్టండి. ఇది ఆరుబయట, చేతులకు గ్లౌజులు వేసుకుని చేసే పని. అదే బకెట్లో యాసిడ్ గానీ, మరుగుదొడ్డి కడిగే ద్రావణం గానీ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణాపాయం. రెండు రోజుల తర్వాత రాళ్లను బాగా కడిగి, సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీళ్లలో ఒక రోజు ఉంచి, క్లోరిన్ వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెట్టండి. థయోసల్ఫేట్ కోసం పెద్దగా వెతకనక్కర్లేదు. భీమవరం, కైకలూరు, నెల్లూరు వైపు రొయ్యల చెరువులకు సరుకులమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. నిజానికి ఉప్పునీటి తొట్టి పెట్టేవారికి ఆ దుకాణాలు అక్వేరియం షాపులకన్నా అక్కరకొస్తాయి. సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు మోతాదు, కొలిచే రిఫ్రాక్టోమీటర్ కూడా అక్కడే దొరుకుతుంది.

ఫాస్ఫేట్ బ్లీచింగుతో పోదు. దానికి ఓపికే మందు. కొత్త ప్లాస్టిక్ డ్రమ్ములో ఉప్పునీళ్లు పోసి, రాళ్లు వేసి, చిన్న పంపు పెట్టి, మూతపెట్టి చీకట్లో ఉంచండి. వారానికోసారి ఫాస్ఫేట్ పరీక్షించండి. 0.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాటితే నీళ్లు మార్చండి. వారం గడిచినా 0.1 లోపే నిలిచిందంటే రాయి తొట్టిలోకి వెళ్లవచ్చు. కొన్ని రాళ్లకు రెండు వారాలు చాలుతుంది, కొన్నింటికి రెండు నెలలైనా పట్టవచ్చు. ఈ పని డ్రమ్ములో చేస్తే నాచు రాదు, వెలుతురు లేదు కదా. అదే పని తొట్టిలో చేస్తే నాచుతోనే చేయించుకోవాలి.

పాత తొట్టిలో చేపల జబ్బుకు రాగి మందు వాడి ఉంటే ఆ రాళ్లను మాత్రం వాడకండి. రాగి రాయిలోకి ఇంకి మెల్లగా బయటికొస్తుంది. నత్తలు, రొయ్యలు తట్టుకోలేవు. పంపులు, హీటర్, ఫిల్టర్ డబ్బాలను తెల్ల వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే పాత సున్నం వదిలిపోతుంది. పాత ఫిల్టర్ స్పాంజీలు పారేయండి.

2. నీళ్లే మొదటి ఎరువు

చాలామంది నాచుకు కారణం మేతలో వెతుకుతారు, కుళాయిలో వెతకరు. తాగునీటిలో నైట్రేట్‌కు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అంటే తాగడానికి అన్నివిధాలా పనికొచ్చే నీళ్లలో కూడా 40 పీపీఎం నైట్రేట్ ఉండవచ్చు. తెలంగాణ, రాయలసీమ బోర్లలో చాలాచోట్ల ఆ హద్దు దాటే ఉంటుంది. పైగా గ్రానైటు నేలల బోరునీటిలో సిలికా కూడా ఉంటుంది. అది గోధుమరంగు పాచికి తిండి.

ఇంట్లో ఆర్‌ఓ మెషిన్ ఉంది కదా అంటారు. ఆ మెషిన్‌లో రెండు సంగతులు చూడండి. తాగేవారి రుచి కోసం చాలా మెషిన్లలో టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) సర్దే మర ఉంటుంది. అది శుద్ధిచేయని నీళ్లను కొంత కలుపుతుంది. దాన్ని పూర్తిగా మూసేయాలి. ఖనిజాలు కలిపే గొట్టం ఉంటే నీళ్లను దానికి ముందే పట్టుకోవాలి. ఇవి రెండూ చేసినా ఆర్‌ఓ పొర నైట్రేట్‌ను మిగతా లవణాలంత గట్టిగా ఆపలేదు. బోరునీటిలో 100 పీపీఎం ఉండి, పొర అందులో 85 శాతం ఆపిందనుకుంటే ఇంకా 15 మిగులుతుంది.

15 చిన్నదే అనిపిస్తుంది. కానీ ఎండాకాలంలో ఫ్యాను పెట్టిన తొట్టిలోంచి రోజుకు లీటరు నీళ్లు ఆవిరవుతాయనుకోండి. ఆవిరయ్యేది నీళ్లే, నైట్రేట్ కాదు. మీరు రోజూ పోసే లీటరుతో 15 మిల్లీగ్రాములు తొట్టిలో చేరతాయి. 45 లీటర్లలో అది రోజుకు 0.33 పీపీఎం, నెలకు 10 పీపీఎం. ఒక్క చేప కూడా లేని తొట్టిలో!

ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే ఈ గొడవంతా తీరుతుంది. టీడీఎస్ మీటర్ సున్నా చూపాలి. 3, 4 చూపడం మొదలైందంటే రెసిన్ మార్చాలి. అలిసిపోయిన రెసిన్ పట్టి ఉంచిన సిలికాను, నైట్రేట్‌ను తిరిగి నీళ్లలోకి వదిలేస్తుంది. ఈ మొత్తం జాబితాలో ఒక్క వస్తువుకే డబ్బు పెట్టగలను అనేవారికి నేను చెప్పేది ఇదే. దీపం కాదు, నురుగుతో మురికిని బయటికి తీసే స్కిమ్మర్ కాదు, డీఐ గొట్టం.

ఉప్పు విషయంలో కల్లుప్పుతో ప్రయోగాలు వద్దు. సముద్రం ఎండగట్టి తీసిన ఉప్పే అయినా, అందులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. మెగ్నీషియం, కాల్షియం మడిలోనే మిగిలిపోతాయి. అక్వేరియం ఉప్పు లీటరుకు సుమారు 38 గ్రాములు, అంటే 45 లీటర్లకు 1.7 కిలోలు. ముందురోజు కలిపి, పంపు తిప్పి, సెలినిటీ 35కు, రిఫ్రాక్టోమీటర్ మీద సాంద్రత 1.026కు సరిచేసుకోండి. రిఫ్రాక్టోమీటర్‌ను మామూలు నీళ్లతో కాకుండా 35 ప్రమాణ ద్రావణంతో సరిచూడాలి.

విశాఖ, కాకినాడ వైపువారికి సముద్రమే ఉంది. నిజమే, కానీ అన్ని నెలల్లో ఒకే సముద్రం కాదు. వర్షాకాలం చివర, అక్టోబరు, నవంబరు నెలల్లో నదుల నీళ్లు కలిసి తీరంలో సెలినిటీ 30 కన్నా తక్కువకు పడిపోతుంది. ఆ నీళ్లతో పాటే పొలాల ఎరువులూ వస్తాయి. ఎండాకాలంలో, వానలు లేని రోజుల్లో, ఓడరేవుకూ మురుగుకాలువ ముఖాలకూ దూరంగా, ఒడ్డున కాకుండా పడవ మీద లోపలికి వెళ్లి తెచ్చిన నీళ్లయితే బాగుంటాయి. తెచ్చాక చీకట్లో కొన్ని రోజులు నిలవబెట్టి, పై నీళ్లు వడగట్టి, నైట్రేట్, ఫాస్ఫేట్ చూశాకే వాడాలి. ఇంత చేయలేనివారికి ఉప్పు కొనడమే చవక.

3. చీకట్లో సైకిల్

ఇప్పుడు రాళ్లు, కొత్త ఇసుక, నీళ్లు తొట్టిలో ఉన్నాయి. ఇక సైకిల్, అంటే చేపల అమోనియాను మార్చే బాక్టీరియాను ముందే పెంచుకోవడం. దీపం వేయకండి. బాక్టీరియాకు వెలుతురు అక్కర్లేదు, వెలుతురుతో లాభపడేది నాచే. కిటికీ ఎండ నేరుగా పడుతుంటే గుడ్డ కప్పండి.

పచ్చి రొయ్య ఒకటి వేసి కుళ్లబెట్టే పాత పద్ధతి నాకు నచ్చదు. ఎంత అమోనియా వస్తుందో తెలియదు, ఫాస్ఫేట్ అదనంగా వస్తుంది, ఇల్లంతా వాసన. ల్యాబ్ రకం అమోనియం క్లోరైడ్ 10 గ్రాములు లీటరు శుద్ధమైన నీళ్లలో కరిగించి ఉంచుకోండి. ఆ ద్రావణం 28 మి.లీ. వేస్తే 45 లీటర్లలో అమోనియా 2 పీపీఎం అవుతుంది. సీసాలో అమ్మే బాక్టీరియా వేస్తే త్వరగా అవుతుంది, లేకపోయినా అవుతుంది. మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు.

అమోనియాను ఒక జాతి బాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను ఇంకో జాతి నైట్రేట్‌గా మారుస్తుంది. మీరు వేసిన 2 పీపీఎం అమోనియా 24 గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా దిగిపోయిందంటే సైకిల్ అయినట్టు. ఉప్పునీళ్లలోని క్లోరైడ్ వల్ల నైట్రైట్ చేపలకు మంచినీటి తొట్టిలో ఉన్నంత ప్రమాదం కాదు. కానీ అది మన పరీక్షను పాడుచేస్తుంది. ఆ సంగతి తర్వాతి మెట్టులో.

ఇక్కడే ఈ మార్గదర్శిలో ముఖ్యమైన లెక్క ఉంది. 1 పీపీఎం అమోనియా పూర్తిగా మారితే సుమారు 3.6 పీపీఎం నైట్రేట్ వస్తుంది. మీరు మొత్తం మూడుసార్లు 2 పీపీఎం చొప్పున వేశారంటే నైట్రేట్ 22 దగ్గర ఉండాలి. 25 చూపితే మీ రాయి శుభ్రంగా ఉంది. 80 చూపితే మిగిలిన 58 ఎక్కడిది? నీళ్లది కాదని రెండో మెట్టులోనే తేల్చుకున్నారు కాబట్టి అది రాయిది. బ్లీచింగ్ చాలలేదని అర్థం. చేప వేయకముందే ఈ సంగతి తెలిసిపోవడం ఎంత మేలో ఆలోచించండి. అందుకే వేసిన ప్రతి మోతాదునూ తేదీతో రాసిపెట్టుకోమంటున్నాను.

4. పరీక్షను నమ్మేముందు

చాలా నైట్రేట్ కిట్లు నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి, ఆ నైట్రైట్‌కే రంగు తెప్పిస్తాయి. అంటే నీళ్లలో ముందే నైట్రైట్ ఉంటే ఫలితం ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. సైకిల్ మధ్యలో నైట్రేట్ 100 దాటిందని కంగారుపడేవారిలో చాలామంది చూస్తున్నది ఈ దొంగ లెక్కే. నైట్రైట్ సున్నాకు దగ్గరయ్యేదాకా నైట్రేట్ కొలవకండి.

కొన్ని కిట్లు, ముఖ్యంగా ప్రయోగశాల రకాలు, నైట్రేట్‌ను కాకుండా అందులోని నైట్రోజన్‌ను చూపుతాయి. ఆ అంకెను 4.4తో గుణించాలి. చేతిలో పట్టే డిజిటల్ ఫాస్ఫేట్ మీటర్లలో కూడా ఫాస్ఫరస్‌ను పీపీబీలో (పీపీఎంలో వెయ్యోవంతు) చూపేవి ఉన్నాయి; 3.07తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది. రెండు సీసాల ద్రవ కిట్లలో అడుగున పేరుకునే సీసాను గట్టిగా ఊపకపోతే ఫలితం తక్కువగా వస్తుంది. గడువు దాటిన పాత కిట్ తొట్టితో పాటే మేడమీద ఎండలో ఉండి ఉంటే దాన్ని ఇసుకతో పాటే సాగనంపండి.

ఇంకొక మోసం ఉంది. రాళ్ల నిండా నాచు ఉండి, నైట్రేట్ పరీక్షలో సున్నా వస్తే తొట్టిలో నైట్రేట్ లేదని కాదు. వచ్చింది వచ్చినట్టు నాచు తినేస్తోంది, పరీక్ష చూపేది మిగిలినదే. అలాంటి తొట్టిలో అంకెను కాదు, రాయిని చూడాలి.

5. చేప రాకముందే పెద్ద మార్పు

సైకిల్ అయ్యాక చాలామంది వారానికి పదిశాతం నీళ్ల మార్పు మొదలుపెడతారు. జీవాలున్న తొట్టికి చెప్పిన మాటను ఖాళీ తొట్టికి వాడటం అది. 80 పీపీఎం ఉన్న తొట్టిలో 20 శాతం, అంటే 9 లీటర్లు, ఐదుసార్లు మార్చినా ఇంకా 26 మిగులుతుంది. ఖర్చయిన నీళ్లు 45 లీటర్లు. అదే 45 లీటర్లు ఒకేసారి మారిస్తే దాదాపు సున్నా.

చేపలు లేనప్పుడు మొత్తం మార్చడంలో ఏ ప్రమాదమూ లేదు. పనిచేసే బాక్టీరియా రాయికీ ఇసుకకూ అంటుకుని ఉంటుంది, నీళ్లలో తేలదు. కొత్త నీళ్ల వేడి, సెలినిటీ సరిపోలితే, రాళ్లు ఎండిపోయేలోగా నింపితే చాలు. ఖాళీ చేస్తున్నప్పుడే సైఫన్ గొట్టంతో ఇసుక పైపొర మీది మడ్డినంతా లాగేయండి. ఈ అవకాశం తొట్టి జీవితంలో మళ్లీ రాదు.

అయితే సున్నాలో నిలిపేయకండి. లక్ష్యం నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1. నైట్రేట్ మామూలుగా ఫాస్ఫేట్‌కు అరవై, వంద రెట్లు ఉంటే బాగానే నడుస్తుంది. ఏదో ఒకటి సున్నాకు పోయినప్పుడే అసలు కష్టాలు. అవేమిటో నాచుల దగ్గర చెబుతాను.

6. వెలుతురు, వేడి

మొదటి చేప వచ్చాకే దీపం. రోజుకు ఆరు గంటలు, టైమర్ మీద. రెండు నెలలదాకా పెంచవద్దు. సందర్శకులు వచ్చారని రాత్రి పదకొండుకు వెలిగించే దీపం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

మన ఎండలకు 24 నుంచి 27 డిగ్రీల మధ్య నిలపడం పెద్ద పని. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను పెడితే హైదరాబాదు పొడి ఎండలో కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ ఉక్కపోతలో అంత తగ్గదు, అక్కడ ఏసీ గదో, నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో కావాలి. ఫ్యాను పెట్టిన తొట్టిలో రెండు లీటర్లు తగ్గాయంటే సెలినిటీ 35 నుంచి 36.6కు పెరిగినట్టే. తగ్గినదానికి ఉప్పులేని శుద్ధమైన నీళ్లే పోయాలి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. నడివేసవిలో నాచును ఒక్కసారిగా చంపే ఏ ప్రయత్నమూ చేయకండి. అది కుళ్లుతూ మిగిలిన ప్రాణవాయువును లాగేస్తే తెల్లారేసరికి చేపలుండవు. కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలి పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

7. వచ్చిన నాచు ఏదో చూడండి

నాచు రావడం ఖాయం. రాకపోతే అనుమానించాలి. అయితే అన్నింటినీ ఒకే గాటన కట్టి ఒకే మందు వేయడమే అసలు చిక్కు.

గోధుమరంగు పొడి, వేలితో రాస్తే మబ్బులా లేచిపోయేది డయాటమ్. సాధారణంగా మొదట వచ్చేది ఇదే. సిలికా అయిపోగానే పోతుంది. అద్దం తుడవండి, మిగతాది వదిలేయండి. రెండు నెలలు దాటినా పోకపోతే డీఐ రెసిన్ చూడండి.

ఎర్రగానో ఊదాగానో జిగురు దుప్పటిలా పరుచుకుని, అంచు పట్టి లాగితే రేకుగా లేచేది సయనోబాక్టీరియా. నీటి కదలిక లేని మూలల్లో, మడ్డి దిగినచోట మొదలవుతుంది. గొట్టంతో లాగేసి, పంపు ముఖాన్ని ఆ మూలకు తిప్పండి. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ ఎక్కువ ఉన్న తొట్టిలో ఇది మొండికేస్తుంది. వీటిలో కొన్ని జాతులు గాలిలోని నైట్రోజన్‌నే వాడుకోగలవు. అంటే నైట్రేట్‌ను ఇంకా తగ్గించడం దానికి సాయం చేయడమే. యాంటీబయాటిక్ బిళ్లలు వేసే అలవాటు మానుకోండి. కారణం అలాగే ఉంటే అది తిరిగొస్తుంది.

ఆకుపచ్చ వెంట్రుకల నాచు అంటే రాయి ఇంకా ఫాస్ఫేట్ వదులుతోందని, లేదా మేత ఎక్కువైందని. దీనికి చేతిపనిని మించిన మందు లేదు. ఆ రాయిని బయటికి తీసి, వేరే బకెట్లో ఉప్పునీళ్లలో పెట్టి, చేత్తో పీకి టూత్‌బ్రష్‌తో రుద్దండి. తొట్టిలోనే రుద్దితే ముక్కలు అన్నిచోట్లా నాటుకుంటాయి. వేళ్లు మిగిలినచోట హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి, రెండు మూడు నిమిషాలు ఉంచి, ఉప్పునీళ్లలో కడిగి తిరిగి పెట్టండి. విదేశీ సలహాల్లో చెప్పేది 3 శాతం పెరాక్సైడ్. మన మందుల షాపుల్లో దొరికేది సాధారణంగా 6 శాతం, సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది. సమానంగా శుద్ధమైన నీళ్లు కలపాలి. ఒక్కో వారం ఒకటి రెండు రాళ్లు మాత్రమే చేయండి. పీకడం పూర్తయ్యాక మిగిలిన పొట్టి మొలకలను నత్తలు చూసుకుంటాయి. ట్రోకస్, టర్బో, సెరిత్ రకాలు మూడు నాలుగు చాలు. పొడవాటి నాచును అవి పెద్దగా ముట్టవు. పది కొని వేస్తే ఆకలితో చచ్చి అవే అమోనియా అవుతాయి.

ఇక అన్నింటికన్నా చెడ్డది డైనోఫ్లాజిలేట్. గోధుమరంగు చీమిడిలా తీగలుగా సాగి, చివర్లలో గాలిబుడగలు పట్టుకుని ఉంటుంది. పగలు కనిపించి, దీపం ఆరాక చాలావరకు మాయమవుతుంది. దీన్ని డయాటమ్ అనుకుని, నీళ్లు మార్చి మార్చి పెంచుకున్నవారే ఎక్కువ. తేల్చుకోవడం సులువు. కొంచెం తీసి తొట్టి నీళ్లతో సీసాలో గట్టిగా కలిపి, టిష్యూ కాగితంతో వడగట్టి, ఆ నీళ్లను గంటసేపు వెలుతురులో పెట్టండి. మళ్లీ తీగలు కట్టిందంటే డైనో. చదువుకునే పిల్లలున్న ఇంట్లో 400 రెట్లు చూపే సూక్ష్మదర్శిని ఉంటే ఇంకా మంచిది.

ఎండు రాయితో మొదలుపెట్టి, నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు తెచ్చిన తొట్టి దీనికి సొంతిల్లు. పోటీపడే జీవం ఏదీ అక్కడ లేదు. కాబట్టి చికిత్స కూడా తలకిందులు. నీళ్లు మార్చడం ఆపండి. ఫాస్ఫేట్ పీల్చే ఇనుపగుళికలు తీసేయండి. నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.1 దగ్గరకు పెంచండి. కాస్త మేత పెంచినా, సోడియం నైట్రేట్ కొలిచి వేసినా సరే. గొట్టంతో లాగిన నీళ్లను దట్టమైన గుడ్డతో వడగట్టి తిరిగి తొట్టిలోనే పోయండి. మూడు రోజులు పూర్తి చీకటి పెట్టండి. రాత్రి నీళ్లలోకి లేచే ఆస్ట్రియాప్సిస్ రకానికి అల్ట్రావయొలెట్ దీపం పనిచేస్తుంది, ఇసుకలోకి దిగే యాంఫిడీనియం రకానికి చేయదు. వీటిలో విషం ఉన్నవి ఉంటాయి. గ్లౌజులు లేకుండా చేయి పెట్టకండి, నత్తలను వేరే నీళ్లకు మార్చండి.

8. చేపలు, మేత లెక్క

ఈ తొట్టికి రెండు చిన్న క్లౌన్ చేపలు చాలు. హేచరీలో పుట్టినవి అడగండి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని పెంచే పద్ధతిని ఎప్పుడో సాధించింది, సముద్రంలోంచి పట్టినవి కొనాల్సిన అవసరం లేదు. అవి గుళికల మేతకు కూడా త్వరగా అలవాటుపడతాయి.

మేతలో సగం ప్రొటీన్ ఉందనుకుందాం. ప్రొటీన్‌లో 16 శాతం నైట్రోజన్. ఒక గ్రాము గుళికల్లోని నైట్రోజన్ అంతా నైట్రేట్‌గా మారితే 354 మిల్లీగ్రాములు, 45 లీటర్లలో దాదాపు 8 పీపీఎం. రోజుకు గ్రాములో పదోవంతు వేస్తే వారానికి 5.5 పీపీఎం. చేప పెరుగుదలకు కొంత, రాయి లోపలి బాక్టీరియాకు కొంత పోతుంది కాబట్టి అసలు అంకె ఇంతకన్నా తక్కువే, కానీ పై హద్దు ఇది.

ఇప్పుడు వారానికి 15 శాతం నీళ్ల మార్పు ఏం చేస్తుందో చూడండి. వచ్చేది 5.5, పోయేది ఉన్నదాంట్లో 15 శాతం. రెండూ సమానమయ్యేది నైట్రేట్ 37 దగ్గర. 20 శాతం మార్చినా 27 దగ్గర. నీళ్లు క్రమం తప్పకుండా మారుస్తున్నా నైట్రేట్ దిగదేమిటని వాపోయేవారికి జవాబు ఇదే. మేత సగానికి తగ్గిస్తే ఆ 27 కాస్తా 14 అవుతుంది. ఇంత చవకైన మందు వేరే లేదు. గడ్డకట్టించిన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్యలు) వేసేవారు కరిగిన రసం పారబోసి, కడిగి వేయాలి.

ఫిల్టర్ స్పాంజిని మూడు రోజులకోసారి, మార్చి తీసిన ఉప్పునీళ్లలో పిండాలి. నెలకోసారి పిండే స్పాంజిలో మలమంతా నైట్రేట్‌గా మారిపోయాక మీరు కడిగి ప్రయోజనం లేదు.

9. అప్పటికీ దిగకపోతే

తొట్టి వెనక తగిలించే పెట్టెలో కీటోమార్ఫా నాచును పెంచండి. తొట్టి దీపం ఆరాక దానికి దీపం వెలగాలి. పెరిగింది పెరిగినట్టు పిడికెడు తీసి పారేస్తే అందులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ కూడా బయటికి పోతాయి. కాలర్పా అనే నాచు కూడా బాగా పెరుగుతుంది గానీ, అది ఒక్కోసారి ఒక్కరాత్రిలో కరిగి, తిన్నదంతా తిరిగి నీళ్లలో కక్కుతుంది. చిన్న తొట్టిలో నేను దాన్ని పెట్టను.

వెనిగర్, వోడ్కా పోసి బాక్టీరియాను పెంచి నైట్రేట్ తగ్గించే పద్ధతి స్కిమ్మర్ ఉన్నవారికే. పెరిగిన బాక్టీరియాను స్కిమ్మర్ బయటికి తీయాలి, లేకపోతే నీళ్లు పాలలా మారి ప్రాణవాయువు పడిపోతుంది. చేసి తీరాలంటే 5 శాతం తెల్ల వెనిగర్ 45 లీటర్లకు రోజుకు 0.4 మి.లీ. మించకుండా మొదలుపెట్టి, వారానికోసారి పరీక్షించాకే పెంచండి. ఫాస్ఫేట్ పీల్చే ఇనుపగుళికలు కూడా అంతే. సీసా మీద చెప్పినదానిలో పావు వంతుతో మొదలుపెట్టండి, 0.03 చేరగానే తీసేయండి.

చివరగా ఊరెళ్లేటప్పటి సంగతి. పండక్కి వారం రోజులు వెళ్తున్నారంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద క్లౌన్ చేపలు రెండు మూడు రోజులు మేత లేకుండా ఉండగలవు. తర్వాతి రోజులకు పక్కింటివారికి అప్పగించాలంటే, రోజుకు గ్రాములో పదోవంతు చొప్పున కాగితంలో పొట్లాలు కట్టి, ప్రతి పొట్లం మీద తేదీ రాసి ఇవ్వండి. మేత డబ్బాను మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయండి. చేపలు ఆకలిగా చూస్తున్నాయని జాలిపడేవారు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉంటారు.